వేసవి పఠనమునకు ప్రత్యుత్తరము

వేసవి సెలవులకు బడి మూసివేయు దినమున ఉపాధ్యాయులు విద్యార్థులకు ఒక ఆజ్ఞ చేయుట మన పాఠశాలలలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. సెలవులలో ఒక మంచి పుస్తకమును చదివి, దాని సారాంశమును రెండు పుటలలో వ్రాసి తీసికొని రావలెననునదే ఆ యాజ్ఞ. దాని యుద్దేశము మంచిది. మామిడిపండ్లతోను, మేనమామల యిండ్లతోను, మిట్టమధ్యాహ్నపు నిద్రలతోను గడచిపోవు ఆ కొలది వారములలో ఒక పుస్తకమైనను పిల్లల చేతికి రావలెనని కోరని యుపాధ్యాయుడుండడు. అయినను జూన్ నెలలో బడి తెరచిన పిమ్మట మా బల్లపై పేరుకొను నోటుపుస్తకములను జూచినప్పుడు, ఆ కోరిక నెరవేరినదని చెప్పుటకు మాకు నోరు రాదు. నలువది పుస్తకములలో నలువది చేవ్రాతలుండును. వాక్యములు మాత్రము ఒక్కటే. ఏ పుటలోను పిల్లవాని గొంతు వినబడదు.

కావున ఈ సంచికలో మేమొక మనవి చేయదలచితిమి. వేసవిలో చదివిన పుస్తకమునకు సారాంశమును అడుగుట మానవలెను. దానికి ప్రత్యుత్తరమును అడుగవలెను. అత్తవారింటినుండి అక్క ఒక యుత్తరము వ్రాసెననుకొందము. దానిని చదివిన తమ్ముడు ఆ యుత్తరముయొక్క సారాంశమును రెండు పుటలలో వ్రాసి మరల అక్కకే పంపునా? పంపడు. అక్క అడిగినదానికి జవాబు చెప్పును. తనకు తోచినది వ్రాయును. కోపము వచ్చినచో పోట్లాడును. తెలియనిదానిని తిరిగి యడుగును. మంచి పుస్తకము కూడ అట్టి యుత్తరమే. దానిని వ్రాసినవారు ఎన్నడో కాలము చేసియుండవచ్చును. ఉత్తరము మాత్రము చదువువాని పేరనే వచ్చియున్నది.

సారాంశ లేఖనమును మేము నిందించుటకు కారణములు రెండు. మొదటిది, అది చదువకుండగనే వ్రాయదగినది. పూర్వము పుస్తకపు అట్టవెనుక నున్న నాలుగు వాక్యములను జూచియో, పై తరగతి అన్న వ్రాసిన పాతపుస్తకమును జూచియో వ్రాసెడివారు. ఇప్పుడు ఆ మాత్రపు శ్రమయు లేదు. సెల్‌ఫోనులో పుస్తకము పేరు చెప్పినచో, కృత్రిమ మేధ నిమిషములో తప్పులు లేని సారాంశమును వ్రాసి యిచ్చుచున్నది. ఇందు పిల్లలను దొంగలని నిందించుట సులభము. కాని యంత్రము చేయగల పనిని పిల్లవానికి అప్పగించి, వాడు దానిని యంత్రముచేత చేయించినాడని కోపించుట న్యాయము కాదు. తప్పు ప్రశ్నలో నున్నది.

రెండవది, సారాంశమును వ్రాయువానికి వినువాడు లేడు. ఉపాధ్యాయునకు ఆ కథ ముందే తెలియునని పిల్లవానికి తెలియును. తెలిసినవానికి తెలిసినదానినే చెప్పుటలో ఎవనికిని ఉత్సాహముండదు. సారాంశము వ్రాయుట ఒక విద్యయే. తరగతిలో ఒక పేరాను ఇచ్చి, దానిని మూడవవంతునకు కుదించుట నేర్పవలసినదే. కాని అది భాషాభ్యాసము మాత్రమే. పుస్తకము పిల్లవాని హృదయములో నేమి చేసినదో అది చెప్పజాలదు.

ఈ మాట క్రొత్తది కాదు. అమెరికా దేశపు విదుషి లూయీజ్ రోజెన్‌బ్లాట్ 1938లో వెలువరించిన గ్రంథమున, సాహిత్యముయొక్క అర్థము పుటలో ముందే సిద్ధముగా పడియుండదనియు, చదువరియు గ్రంథమును కలిసికొన్నచోటనే అది పుట్టుననియు వాదించిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో ఆమె పేరు నేటికిని వినబడును. కాని మన ముసలమ్మలకు ఈ సంగతి అంతకుముందే తెలియును. కథ చెప్పు అవ్వ, వినువాడు ఊ కొట్టనిచో కథను ఆపివేయును. ఆ "ఊ" అనునదే తొలి ప్రత్యుత్తరము.

మన కథలను, కళలను పరికించినచో ఇట్టి ప్రత్యుత్తరము అడుగడుగునను కనబడును. భేతాళ కథలలో కథ ముగియగనే భేతాళుడు విక్రమార్కుని ఒక ప్రశ్న అడుగును; జవాబు తెలిసియు ఊరకున్నచో రాజునకు ప్రాణాపాయము. విన్నవాడు నోరు విప్పి తీరవలెననునదే ఆ కథల నియమము. బుర్రకథలో కథకుడు ఒక్కడే చెప్పుకొనిపోడు. ఇరుప్రక్కల వంతలు నిలుతురు. ఒకడు హాస్యమాడును, మరియొకడు ఆ కథను నేటి లోకముతో ముడిపెట్టి ప్రశ్నించును. 1947 జూలైలో ఆరంభమై, పలు దశాబ్దములు నడచి, ఇప్పుడు నిలిచిపోయిన "చందమామ" పత్రిక రెండేసి ఛాయాచిత్రములను ముద్రించి, వానికి జోడుగా నప్పు వ్యాఖ్యలను వ్రాసి పంపుడని పాఠకులను కోరెడిది. ఆ పోటీకి కార్డు వ్రాసిన పిల్లలు నేడు తాతలును అవ్వలునై యున్నారు. వారిని అడిగి చూడుడు. బహుమతి రాకపోయినను ఆ కార్డును మరువలేదని చెప్పుదురు.

ఇక ఆచరణలో ఏమి చేయవచ్చునో కొన్ని ఉదాహరణములతో చెప్పెదము.

చిన్న తరగతులవారికి భేతాళుని పద్ధతియే చాలును. భేతాళ కథను చదువునప్పుడు ప్రశ్న వచ్చినచోట ఆగి, క్రిందిభాగమును అరచేతితో మూయవలెను. తన జవాబును ఒక కాగితముపై వ్రాసిన తరువాతనే చేతిని తీయవలెను. విక్రమార్కుని జవాబుతో తన జవాబు కలసినచో సంతోషము. కలియనిచో మరింత సంతోషము, ఏలయన అప్పుడు వాదించుటకు చోటు దొరకినది. రాజు చెప్పినది తప్పని ఐదవ తరగతి పిల్లవాడు కారణములతో నిరూపింపగలిగినచో, వాని వేసవి వ్యర్థము కాలేదు.

యాత్రాగ్రంథములకు పటము తగిన ప్రత్యుత్తరము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. రైలు లేని ఆ దినములలో మజిలీ మజిలీకి చూచినదానిని వ్రాసి యుంచిరి. అది 1838లో "కాశీయాత్ర చరిత్ర" యను పేర అచ్చయినది. పెద్ద పుస్తకమును మొత్తము చదువుమని పిల్లలను భయపెట్టనక్కరలేదు. తమ జిల్లాకు సంబంధించిన పుటలను మాత్రము చదివి, ఆ మజిలీలను నేటి పటముపై గుర్తించి, వానిలో ఒక యూరికి పోయి, ఆయన చూచినదానిలో నేమి మిగిలినదో, ఏమి మారినదో వ్రాసిన చాలును. చెరువున్నదా? సత్రమున్నదా? ఊరిపేరు అదియేనా? ఈ ప్రశ్నలకు జవాబు ఏ యంత్రములోను దొరకదు. ఆ యూరి రచ్చబండమీదనే దొరకును.

హాస్యగ్రంథములకు హాస్యమే ప్రత్యుత్తరము. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొగలితుర్రునుండి ఇంగ్లండునకు పోయిన కథను చదివి నవ్వనివారు లేరు. ఆ పార్వతీశము దారిలో ఇంటికి వ్రాసియుండదగిన ఉత్తరములను మూడింటిని విద్యార్థి వ్రాయవలెను: ఒకటి తల్లికి, ఒకటి తండ్రికి, ఒకటి స్నేహితునకు. ఒకే సంగతిని ముగ్గురకు మూడు విధములుగా చెప్పవలసి యుండును. తల్లికి దాచినదానిని స్నేహితునకు చెప్పును; స్నేహితుని యొద్ద గొప్పలకు పోయినదానిని తండ్రికి వేరుగా విన్నవించును. పాత్ర స్వభావమును గూర్చి పది ప్రశ్నలు వేసినను రాని తెలివి ఈ మూడుత్తరములవలన వచ్చును.

నాటకమునకు విచారణ తగినది. గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో క్రొత్తరూపము పొందినది. పెద్ద కుమార్తె బుచ్చమ్మ విధవయై యింటనుండగా, చిన్నపిల్లయగు సుబ్బిని ధనము పుచ్చుకొని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టబూనిన అగ్నిహోత్రావధానులను, పదవ తరగతి విద్యార్థులు తమ తరగతిలోనే న్యాయస్థానము నేర్పరచి విచారింపవచ్చును. ఒకరు వాది పక్షమున, ఒకరు ప్రతివాది పక్షమున వకీళ్లు. సాక్ష్యము మాత్రము గ్రంథమునుండియే రావలెను. ఏ పుటలో ఎవరు ఏమనిరో చూపనివాని మాట చెల్లదు. అప్పుడు చదువనివాడు వాదింపలేడు.

ఈ విచారణ వట్టి వినోదము కాదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, ఆంధ్రప్రదేశములో 20 మొదలు 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 29 మంది 18 ఏండ్లు నిండకమునుపే వివాహితలైరి. పెండ్లి ముహూర్తములు వేసవిలో మెండు. సెలవులకు పోయి జూన్ నెలలో తిరిగిరాని బాలికలను గూర్చి యెరుగని ఉన్నత పాఠశాల యుపాధ్యాయుడు అరుదు. సుబ్బి పక్షమున వకీలుగా నిలిచి మాటలాడిన బాలిక, తన యింట అట్టి ప్రస్తావన వచ్చిననాడు తన పక్షమున తాను నాలుగు మాటలు చెప్పుకొనగలదు. సారాంశము వ్రాసిన చేయి ఆ ధైర్యమును నేర్వదు.

కవిత్వమునకు సందేశము తగినది. గుఱ్ఱము జాషువాగారి "గబ్బిలము" 1941లో వెలువడినది. దేవాలయ ప్రవేశము నోచుకొనని పేదవాడు, గుడిలో స్వేచ్ఛగా తిరుగగల గబ్బిలముతో కాశీనాథునకు తన బాధను చెప్పి పంపుట అందలి విషయము. దానిలో కొన్ని పద్యములనైనను చదివిన విద్యార్థిని ఇట్లు అడుగవలెను: నీ ఇంటికి గబ్బిలము వచ్చినచో, ఎవరికి ఏమని చెప్పి పంపుదువు? ఈ ప్రశ్నకు మా తరగతిలో వచ్చిన జవాబులలో ఒకదానిని మేము మరువలేకున్నాము. గల్ఫు దేశమున పనిచేయు తండ్రికి ఒక బాలుడు పంపిన సందేశమది. ఫోనులో ప్రతి ఆదివారము మాటలాడుచునే యున్నను చెప్పలేనిదానిని వాడు గబ్బిలమునకు చెప్పెను. ఆ పుటకు మార్కు వేయుటకు మాకు చేయి రాలేదు. చదివితిమని మాత్రము వ్రాసి యిచ్చితిమి.

కథా సంపుటములకు మరియొక కథయే ప్రత్యుత్తరము. సత్యం శంకరమంచిగారు అమరావతి యను ఒక్క యూరినిగూర్చి నూరు కథలు వ్రాసిరి. బాపుగారు వానికి బొమ్మలు గీసిరి. వానిలో ఐదారు చదివిన విద్యార్థి తన యూరిని గూర్చి నూటయొకటవ కథను వ్రాయవచ్చును. పడవ నడుపువాడో, పూలమ్మియో, బడిముందర జామకాయలమ్ము తాతయో అందులో నాయకులు కావచ్చును. తన యూరు కూడ పుస్తకమునకు తగినదని తెలిసికొన్న పిల్లవాడు ఆ పిమ్మట చదువు ప్రతి పుస్తకమును వేరుగా చదువును.

వ్రాయుట కష్టమైన పిల్లలును మన బడిలో నున్నారు. వారికి కథ చెప్పుటయే ప్రత్యుత్తరము. చదివిన కథను ఇంటిలో ఒకరికి నోటితో చెప్పవలెను. విన్నవారు అడిగిన మొదటి ప్రశ్నను మాత్రము వ్రాసికొని రావలెను. అంతకుమించి ఒక్క పంక్తియు అక్కరలేదు. అక్షరములు రాని తల్లియు, కన్ను కనబడని అవ్వయు ఈ విధముగా మన బడి గ్రంథాలయమునకు చదువరులగుదురు. వారి ప్రశ్నలు మన ప్రశ్నాపత్రములలోని ప్రశ్నలకంటె పదునైనవని మా యనుభవము. "ఆ పిల్ల అన్నము తిన్నదా?" అని ఒక అవ్వ యడిగెనట. కథకుడు ఆ సంగతి చెప్పనేలేదని మాకప్పుడే తోచినది.

ఇన్ని మార్గములు చెప్పితిమి గనుక ఒక హెచ్చరికయు చేయవలెను. సృజనాత్మకత యను పేరు వినగనే కొన్ని బడులలో చార్టులును, థర్మాకోలు బొమ్మలును, మెరుపుకాగితములును ప్రవేశించుచున్నవి. వానిని పుస్తకాల దుకాణమున కొనుటయు, రాత్రి పదిగంటలకు తల్లిదండ్రులు కూర్చుండి అంటించుటయు, మరునాడు పిల్లవాడు మోసికొని వచ్చుటయు జరుగుచున్నది. ఇందు చదువు ఎక్కడ? ధనముగల యింటి బొమ్మ పెద్దది, లేనియింటి బొమ్మ చిన్నది యగును. పేదపిల్లవాడు తాను చదువలేదని కాక, తాను కొనలేదని సిగ్గుపడును. ఇంతకంటె పాత సారాంశమే మేలు. మేము కోరు ప్రత్యుత్తరమునకు కాగితము, కలము, నోరు, కాళ్లు చాలును. పైసా ఖర్చు ఉండరాదు.

మార్కులెట్లు వేయవలెనని మా సహోపాధ్యాయులు అడుగవచ్చును. మూడు ప్రశ్నలు వేసికొన్న చాలును. పుస్తకము చదువనివాడు ఈ పనిని చేయగలడా? ఇందు పిల్లవాని సొంతమాట ఒక్కటైనను ఉన్నదా? దీనిని విన్నవారు గాని చదివినవారు గాని ఉపాధ్యాయుడు కాక మరియొకరున్నారా? మొదటిదానికి లేదనియు, తక్కిన రెంటికి ఉన్నదనియు జవాబు వచ్చినచో ఆ ప్రత్యుత్తరము మంచిదే. అక్షరదోషములను వేరుగా దిద్దవచ్చును. పుస్తకము తనకు నచ్చలేదని వ్రాసినవానికి మార్కు తగ్గింపరాదు; ఏ పుటలో విసుగు పుట్టినదో, ఏల పుట్టినదో చెప్పుమని మాత్రము అడుగవలెను. నచ్చలేదను స్వేచ్ఛ లేనిచోట నచ్చినదను మాటకు విలువ లేదు.

ఇది పదవ తరగతి పరీక్షకు ఉపయోగించునా యని తల్లిదండ్రులు అడుగుట సహజము. పరీక్షలో చదువని గద్యమునిచ్చి ప్రశ్నలు వేయుట, లేఖ వ్రాయుమనుట, పాత్రస్వభావము చెప్పుమనుట కలదు. వేసవిలో పార్వతీశము పక్షమున మూడుత్తరములు వ్రాసినవాడు ఆ ప్రశ్నలను జూచి బెదరడు. ఇంతకంటె పెద్ద లాభమును మేము వాగ్దానము చేయము. మీ పిల్లవాడు భోజనమువేళ ఒక పుస్తకమును గూర్చి మాట యెత్తినప్పుడు, సెల్‌ఫోనును ప్రక్కన బెట్టి ఊ కొట్టుడు. మేము మిమ్ము కోరునది ఇంతే.

చివరకు మా గ్రంథాలయములను గూర్చి ఒక మాట. పుస్తకము లేనిదే ప్రత్యుత్తరము లేదు. పోవునను భయముచేత సెలవులకు ముందే పుస్తకములన్నిటిని బీరువాలో పెట్టి తాళము వేయుట అనేక పాఠశాలలలో వాడుకయై యున్నది. 1935 ప్రాంతమున పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి పరిసరములలో కాలువ పడవమీద పుస్తకములు పెట్టి, తీరగ్రామములవారి చేతికి అందించిరి. నీటిమీద పుస్తకములను పంపుటకు వెరవనివారు పుట్టిన దేశమున, నలువది పుస్తకములను నలువది యిండ్లకు పంపుటకు మనము వెరవనేల? ఒకటి రెండు పోవును. ఒకదాని అట్ట చినుగును. ఒకదానిపై ఆవకాయ మరక పడును. మరకపడిన పుస్తకము చదువబడిన పుస్తకము. బీరువాలో చెదలు తినిన పుస్తకమునకు ఎవరు జవాబు చెప్పుదురు?

కావున వచ్చు వేసవికి ముందు ప్రతి విద్యార్థి చేతిలోను ఒక పుస్తకము పెట్టి పంపవలెననియు, బడి తెరచిన మొదటి వారమున ప్రతి తరగతికిని రెండు గంటలను వినుటకై కేటాయింపవలెననియు మేము ప్రార్థించుచున్నాము. ఆ రెండు గంటలలో ఉపాధ్యాయులు మాటలాడరాదు.

విద్యార్థినీ విద్యార్థులారా, మీకు వచ్చిన యుత్తరములు గ్రంథాలయములో ఎదురుచూచుచున్నవి. వానిని విప్పి చదువుడు, జవాబు వ్రాయుడు. మీ జవాబులలో మంచివానిని ఈ పత్రికయొక్క రాబోవు సంచికలో ప్రకటించుటకు స్థలము నుంచవలెనని సంపాదకవర్గమును మేము ఇప్పుడే కోరియున్నాము.